ముగ్గుపిండితో ఎనిమిది



మా వీధి చివర నుంచి నేను పాఠాలు చెప్పే బడి దాకా ఏడు కిలోమీటర్లు. ఆ దారిలో ఎడమ పక్క ఏమేం ఉన్నాయో నన్ను నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్తాను. ఇస్త్రీ బండి, మూతపడ్డ రైసుమిల్లు, ఆంజనేయస్వామి గుడి, గుడిని ఆనుకుని పంచర్ల షాపు, కాలవ వంతెన దాటాక ఇటుకల బట్టీ. కుడి పక్క ఏముందో మాత్రం మొన్న సంక్రాంతి వెళ్లేదాకా నాకు తెలీదు. ఇరవై ఏళ్లుగా మావారి బండి వెనకాల చీర కట్టుకుని ఒంటివైపు కూర్చుని వెళ్లినదాన్ని. కాళ్లు ఎడమకి, మొహం ఎడమకి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడైనా అవతలి పక్క కనిపించాలి కదా అంటారేమో. సాయంత్రం వచ్చేది షేరాటోలో. ముగ్గురు పట్టే చోట అయిదుగురం కూర్చుంటే కనిపించేది ముందువాళ్ల జడ.

నలభై మూడేళ్ల వయసులో బండి లైసెన్సు తీసుకున్నాను. ఆ ముచ్చటే ఇవాళ మీతో చెప్పుకుందామని.

మొదలుపెట్టింది నేను కాదు, మా మేనకోడలు. కార్తీకంలో దానికి పద్దెనిమిది నిండాయి. "అత్తా, నేను ఎల్లెల్లార్‌కి వెళ్తున్నా, నువ్వూ రా. ఎన్నాళ్లని మామయ్య వెనకాల గోనెసంచిలా వెళ్తావ్?" అంది. లెర్నర్ లైసెన్సుని మన వైపు ఎవరూ ఆ పేరుతో పిలవరు, అది ఎల్లెల్లారే. గోనెసంచి అన్నందుకు కోపం వచ్చింది. ఆలోచిస్తే కోపం నిలవలేదు.

నిజానికి ఆ పిల్ల పదో తరగతి నుంచే స్కూటర్ తోలుతోంది. మా తమ్ముడికి అదో గొప్ప. "మా అమ్మాయి బజారుకెళ్లి కూరలు కూడా తెస్తుంది" అని నలుగురిలో చెప్పుకునేవాడు. 2019 సెప్టెంబరు 1 నుంచి చట్టం మారింది కదరా, మైనరు పిల్ల బండి నడిపి పట్టుబడితే నీకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, పిల్లకి పాతికేళ్లు వచ్చేదాకా ఎల్లెల్లార్ కూడా ఇవ్వరు అని విడమరిచి చెప్పాను. జైలు అన్నప్పుడు నవ్వాడు. పాతికేళ్ల దాకా లైసెన్సు రాదు అన్నప్పుడు మాత్రం నవ్వు ఆగింది. పదహారేళ్లకే నడపొచ్చని అంటారుగా అని వాదించబోయాడు. అది 50 సీసీ దాటని బళ్లకి. అలాంటివి షోరూముల్లోంచి ఎప్పుడో వెళ్లిపోయాయి.

సరే, ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఇక్కడే మా ఇద్దరికీ తేడా వచ్చింది. దానికి ఆరోగ్యం బాగుందని అదే రాసి సంతకం పెడితే చాలు. నలభై దాటినవాళ్లకి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, ఫారం 1ఎ అని. డాక్టరుగారు నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, రోడ్డవతల ఆగిన ఆటో చూపించి, "నంబరు చదవండి" అన్నారు. పాతిక మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు కనపడాలని ఆ ఫారంలోనే ఉంది. ఆటో కనిపించింది. ఆటో వెనక రాసిన 'అమ్మ దీవెన' కూడా, ఎక్కడైనా ఉండేదే గనక, చదివేశాను. నంబరు మాత్రం అలుక్కుపోయినట్టుంది. ఇన్నేళ్లూ నల్లబల్ల మీద నేను రాసిందే నేను చదువుకున్నాను గనక నా చూపు సంగతి నాకెవరూ చెప్పలేదు. కళ్లద్దాలు వచ్చాయి. బండి మాట ఎలా ఉన్నా అమావాస్యకీ పౌర్ణమికీ తేడా తెలిసిందని మా మేనకోడలు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఎల్లెల్లార్ పరీక్ష కంప్యూటరు మీద. ఇరవై ప్రశ్నలు, పన్నెండు కరెక్టయితే పాసు. తెలుగులోనే రాయొచ్చు. గుండ్రటి బోర్డు ఆజ్ఞ, మూడు మూలల బోర్డు హెచ్చరిక, పలకలా ఉంటే సమాచారం. ఈ ముక్క ఒంటబడితే బొమ్మల ప్రశ్నలు సగం దాటేసినట్టే. నాకు గుర్తుండిపోయిన ప్రశ్న ఇంకోటి ఉంది. చూపు లేని మనిషి తెల్ల కర్ర పట్టుకుని రోడ్డు దాటుతుంటే ఏం చేయాలి? హారన్ కొట్టాలా, నెమ్మదిగా పక్క నుంచి పోవాలా? రెండూ కాదు. ఆ కర్రనే ఆగమనే గుర్తుగా తీసుకుని బండి ఆపాలి. ఎర్ర లైటు, పోలీసు చెయ్యి, చూపులేని మనిషి చేతిలో కర్ర, మూడూ ఒకటే. ఈ చట్టం రాసినవాళ్లలో ఎవరో మంచి మనిషి ఉన్నారనిపించింది.

ఎల్లెల్లార్ కాగితం ఆర్నెల్లు చెల్లుతుంది. కానీ ముప్పై రోజులు గడిస్తే గానీ అసలు టెస్టుకి రానివ్వరు. ఈ ముప్పై రోజులూ నేర్చుకోవడానికని పెట్టినవి. మనలో చాలామంది ఏం చేస్తారంటే, పాలలో తోడువేసి గిన్నె మూతపెట్టినట్టు ఆ కాగితం బీరువాలో పెట్టేసి, ముప్పై ఒకటో రోజున తీస్తారు. దానంతటదే పెరుగైపోతుందన్నట్టు. నేనూ ఆ ఘనులలో ఒకత్తెనయ్యేదాన్నే. ఆఫీసు గేటు దగ్గర ఒకాయన పాడ్ మీద కాగితాలు పట్టుకుని నిలబడి, "మేడం, స్కూటీ మీద టెస్టు రాయించేస్తా, ఎనిమిది సంగతి నేను చూసుకుంటా, మీరు ఫోటోకి వస్తే చాలు" అన్నాడు. నేను చాలా బుద్ధిమంతురాలినని మీరనుకోకండి. ఎంతవుతుందని అడిగాను. అంకె విన్నాకే బుద్ధి వచ్చింది. కేంద్రం నిబంధనల్లో ఉన్న ఫీజులు ఎల్లెల్లార్‌కి 150, దాని పరీక్షకి 50, డ్రైవింగ్ టెస్టుకి 300, లైసెన్సు ఇవ్వడానికి 200. వాటి మీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు కలిపినా, ఆయన అడిగినదాంట్లో ఓ మూల సరిపోతుంది.

ఆయన స్కూటీ అన్నాడు చూశారూ, అందులో ఒక మెలిక ఉంది. లైసెన్సులో గేర్లున్న బండి వేరు, గేర్లు లేనిది వేరు. తేలిక కదా అని స్కూటర్ మీద టెస్టు ఇస్తే కార్డు మీద 'గేర్లు లేనిది' అనే పడుతుంది. ఆ కార్డుతో మా ఇంట్లో ఉన్న 100 సీసీ బండి ఎక్కితే లైసెన్సు లేనట్టే లెక్క. లైసెన్సు లేకుండా నడిపితే 5,000 రూపాయల జరిమానా. ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ ఆ నష్టం తను కట్టేసి, తర్వాత మన దగ్గర వసూలుకి వస్తుంది. అందుకని అత్తా మేనకోడళ్లం ఇద్దరం గేర్ల బండే అనుకున్నాం.

నేర్పించే బాధ్యత మావారు తీసుకున్నారు. నేర్పేవాళ్లకి సరైన లైసెన్సు ఉండాలి, ఎల్ బోర్డుతో తిరిగేవాళ్లు నేర్పేవాళ్లని తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు అని రూలు చదివి వినిపించాను. "నాకుందిగా" అని చొక్కా జేబు మీద తట్టుకున్నారు. ఆ జేబులో పర్సు, పర్సులో వెంకటేశ్వరస్వామి పటం, పటం వెనకాల లైసెన్సు. ఈ తట్టుకోవడం కాస్త గుర్తుపెట్టుకోండి. 18 సెంటీమీటర్ల తెల్లటి అట్టముక్క మీద ఎర్ర రంగుతో 'ఎల్' రాసి బండికి ముందొకటి, వెనకొకటి కట్టాను. ఇంగ్లీషు అక్షరం గీయడానికి అంత స్కేలు వాడింది నా సర్వీసులో అదే.

ధనుర్మాసం. జూనియర్ కాలేజీ గ్రౌండు. ఆరున్నరకి మంచు పట్టి గోల్‌పోస్టు కూడా కనిపించదు. మావారు రెండు రోజులు నేర్పారు. "క్లచ్ మెల్లిగా వదులు, మెల్లిగా, మెల్లిగా అన్నానా!" అని ఆయన అరిచేసరికి నేను ఉలిక్కిపడి వదిలేసేదాన్ని, బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయేది. మూడో రోజు ఆయన గొంతు పోయింది. బండి అక్కడిదాకా తెచ్చిచ్చి, సిమెంటు బల్ల మీద మఫ్లర్ చుట్టుకుని కూర్చునేవారు. తర్వాత నేర్పింది రోజూ అక్కడ వాకింగుకి వచ్చే ఒక పెద్దాయన. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయన మొదటి పాఠం బండి స్టార్టు చేయకుండానే జరిగింది. స్టాండు తీసి, న్యూట్రల్‌లో పెట్టి, బండిని పట్టుకుని గ్రౌండు చుట్టూ నడిపించమన్నారు. "దాని బరువు మీ మోచేతులకి తెలియాలమ్మా. పడబోతే ఎటు పడుతుందో తెలిస్తే భయం పోతుంది." నూట పది కేజీల పైచిలుకు ఇనుము. రెండు చుట్లకి చలికాలంలో చెమటలు పట్టాయి. భయం పోలేదు గానీ, దేనికి భయపడాలో తెలిసింది.

క్లచ్ సంగతి ఆయన ఒక్క మాటలో తేల్చారు. వదులుతూ వస్తుంటే ఒక చోట ఇంజను గొంతు మారుతుంది, బండి కాస్త ముందుకి మొగ్గుతుంది. అక్కడ చేతిని ఆపెయ్యాలి. రేజు అప్పుడు. కుక్కర్ విజిల్ రాబోయే ముందు ఒక సుయ్యిమనే చప్పుడు వస్తుంది కదా, అచ్చం అలా. వంటింట్లో లేకపోయినా వినగలను ఆ చప్పుడు. ఇక్కడెందుకు వినపడదు? వినపడింది.

ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని మనందరికీ చిన్నప్పటి నుంచి చెప్పారు. సైకిలు నాటి భయం అది. బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, అందుకని ఆపే బలం కూడా దాని దగ్గరే ఎక్కువ. వంపులో ఉన్నప్పుడో, ఇసక మీదో గుంజితే పడతాం. తిన్నగా ఉన్నప్పుడు రెండు బ్రేకులూ కలిపి, పిండినట్టు నొక్కితే పడం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు కొత్త బళ్లకి ఒక బ్రేకు నొక్కితే రెండోది కూడా కొంత పట్టే ఏర్పాటో, అంతకు మించిందో ఉండి తీరాలని రూలు వచ్చింది. మనం ముందు బ్రేకు ముట్టుకోమని తెలిసే పెట్టినట్టున్నారు.

ఇక ఎనిమిది. మనవైపు ఎవరైనా లైసెన్సు కోసం వెళ్లొస్తే "బండి బాగా నడిపావా?" అని అడగరు. "ఎనిమిది వేశావా?" అంటారు. కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి. మా మేనకోడలు ఇంట్లోంచి ముగ్గుపిండి తెచ్చి గ్రౌండు మీద ఎనిమిది వేసింది. అది ముగ్గు వేయడంలో దిట్ట, నడుము వంచితే గీత వణకదు. వాకింగుకి వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. గొబ్బెమ్మలు లేవేమని ఒకావిడ అడిగింది.

వేగంగా పోయే బండి తనంతట తను నిలబడుతుంది. నెమ్మదిగా పోయేదాన్ని మనం నిలబెట్టాలి. ఎనిమిదిలో ఉన్న కష్టమంతా అదే. నాలుగు రోజులు ప్రతి మలుపులోనూ కాలు కింద పెట్టాను. గీత దాటుతానేమోనని ముందు చక్రం వంకే చూస్తున్నాను, ముగ్గు మీద అచ్చులు పడుతున్నాయా అని. పెద్దాయన నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "మీరు చక్రాన్ని చూస్తున్నారు. చక్రం ఎక్కడికీ పోదు. మీరు పోవాల్సిన చోటు చూడండి. తల తిప్పండమ్మా, బుజం వెనక్కి చూసినట్టు పూర్తిగా తిప్పండి." సగం క్లచ్, వెనక బ్రేకు మీద కాలి బొటనవేలంత బరువు, రేజు ఒకటే తీరు. తల తిప్పాను. ఎనిమిది అవతలి సున్నాలో గోల్‌పోస్టు పక్కన తాటిచెట్టు కనిపించింది. బండి దానివైపే తిరిగింది. చేతులేం చేశాయో నాకు తెలీదు. ఒంటివైపు కూర్చున్న ఇరవై ఏళ్లలో నా మెడ ఆ పక్కకి తిరగడం మర్చిపోయిందేమో అనిపించింది, నిజంగానే పట్టేసి రాత్రి నొప్పి మందు రాసుకున్నాను.

గ్రౌండు నుంచి రోడ్డెక్కాక ఇంకో తమాషా. ఎదురొచ్చే ప్రతివాడూ గుప్పిట మూసి తెరుస్తూ "లైటు, లైటు" అంటాడు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకి ఇంజను నడుస్తున్నంతసేపూ లైటు వెలిగే ఉంటుంది, ఆర్పే స్విచ్చే లేదు. ఆ మాట ఎంతమందికి ఆగి చెప్తాం? అయినా నాకు విసుగు రాలేదు. రాంగ్ రూట్లో వస్తూ కూడా మన లైటు గురించి బెంగపెట్టుకునే జనం మన జనం. స్టాండు వేసి ఉందని, చున్నీ వేలాడుతోందని కేకేసి చెప్పేవాళ్లు ఎన్ని ప్రాణాలు కాపాడారో లెక్కలేదు.

లెక్కలున్నవి వేరే ఉన్నాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ చెప్పింది. అందులో నూటికి నలభై నాలుగు మందికి పైగా టూవీలర్ల మీద వెళ్లేవాళ్లే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029 మంది. ఆ యాభై వేలలో 14,337 మంది బండి నడపలేదు, వెనక కూర్చున్నారు. ఆ అంకె దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఇరవై ఏళ్లలో నా తల మీద మల్లెపూలు, కనకాంబరాలు, చలికాలంలో శాలువా తప్ప ఇంకోటి పెట్టిన గుర్తు లేదు. చట్టంలో నాలుగేళ్లు దాటిన ప్రతి మనిషికీ హెల్మెట్ ఉండాలని ఉంది, ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా. ఐఎస్ఐ గుర్తున్నవి రెండు కొన్నాం. కొప్పు పట్టదని ఒక రకం, కళ్లద్దాలు పట్టవని ఇంకో రకం, షాపులో గంటసేపు తగువాడి తెచ్చుకున్నాను.

టెస్టు సంక్రాంతి వెళ్లిన వారానికి. వరసలో నలభై మంది దాకా ఉంటే ఆడవాళ్లం అయిదుగురం. మూడు స్కూటర్లూ, మా ఇద్దరికీ గేర్ల బండి ఒకటి. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలోంచి లేవకుండా పెన్నుతో సైగ చేస్తున్నారు. ఆ పదవికి ఇంగ్లీషులో ఏ పేరున్నా మనకి బ్రేక్ ఇన్‌స్పెక్టరే. మా మేనకోడలు వెళ్లి ఎనిమిది వేసి, ఇండికేటర్ వేసి ఆర్పి, నవ్వుకుంటూ వచ్చింది. నేను వెళ్లాను. మొదటి సున్నా చక్కగా వచ్చింది. రెండో సున్నా చివర్లో "పాసే, పాసే" అని వరసలోంచి ఎవరో అన్నారు. ఆ అన్నదెవరా అని అటు చూశాను. చూసిన చోటికి బండి పోయింది. కాలు కింద పడింది. పెన్ను అడ్డంగా ఊగింది.

తప్పితే ఏడు రోజులాగి మళ్లీ రావాలి. మూడుసార్లు తప్పితే మాత్రం అరవై రోజులాగాలి. గేటు దగ్గరి పాడ్ ఆయన నన్ను గుర్తుపట్టి, "చెప్పాను కదా మేడం" అన్నాడు జాలిగా. ఆ వారమంతా గ్రౌండులో మా మేనకోడలు పక్కన నిలబడి "అత్తా, పాము! అత్తా, మావయ్య పడిపోయాడు!" అని అరుస్తూ ఉండేది, నేను చూడకుండా తిరగడం సాధన. ఎనిమిదో రోజు వేశాను. ఇన్‌స్పెక్టరుగారు తలెత్తి, "గేర్ల బండి మీదేనా అమ్మా?" అని మాత్రం అడిగారు. సినిమాల్లో అయితే ఇక్కడ పాట ఉండేది.

ఒంటరిగా బడికి వెళ్లిన మొదటి రోజు ఆంజనేయస్వామి గుడి దాటాక కుడి పక్కన ఏదో తెల్లగా మెరిసింది. నడుపుతూ చూడకూడదు గనక ఇండికేటర్ వేసి, పక్కకి తీసి, ఆపి చూశాను. చెరువు. మిల్లుకి ఎదురుగా మొదలై వంతెన దాకా ఉంది. నిండా కలువలు, గట్టు మీద నాలుగు కొంగలు. ఇరవై ఏళ్లుగా నా వీపు వెనకాలే ఉంది.

కార్డులు ఇద్దరివీ ఒకే రోజు పోస్టులో వచ్చాయి. వయసును బట్టి గడువు. దానిది నలభయ్యో ఏడు వచ్చేదాకా, అంటే ఇరవై రెండేళ్లు. నాది పదేళ్లు. ఇంత తేడా ఏంటి అని మావారు కూడా పర్సులోంచి తీశారు, స్వామివారి పటం వెనక నుంచి. పాత చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు గానీ యాభయ్యేళ్లు నిండేదాకా గానీ, ఏది ముందైతే అది. ఆయన యాభై ఒకటి దాటి నాలుగు నెలలైంది. తేదీ చదివింది మా మేనకోడలే. గడువు తీరిన ఏడాదిలోపు అయితే కాగితాలతో రెన్యువల్ చేస్తారు. ఏడాది దాటితే టెస్టు మళ్లీ ఇవ్వాలి.

"అంటే నాకు నేర్పినన్నాళ్లూ..." అన్నాను. ఆయన పటాన్ని జాగ్రత్తగా పర్సులో పెట్టుకున్నారు.

నిన్న ఆదివారం పొద్దున్నే గ్రౌండుకి తీసుకెళ్లాను. నేను నడిపాను, ఆయన వెనక. ముగ్గుపిండితో ఎనిమిది వేసి సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. పాతికేళ్లుగా బండి తోలుతున్న మనిషి, మొదటి సున్నాలోనే కాలు కింద పెట్టారు. చక్రం వంక చూస్తున్నారు. నేను అరవలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, అరకిలో పిండి తెప్పించి పెట్టాను.